వారానికొకటి

దేవిదాస్ కాలు బ్రేకు మీదే ఉంది. కానీ నొక్కమని అతడు అనుకోవడానికీ అది నొక్కడానికీ మధ్య ఒక ఎడం వచ్చింది. ఎడపల్లి దగ్గర, స్పీడ్‌బ్రేకర్ ముందు, నిండు బస్సుతో ఉండగా అలా జరగడం అదే మొదటిసారి. బస్సు ఆగింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న కాలేజీ పిల్లలు నవ్వుకుంటూనే ఉన్నారు. ఆధార్ కార్డులు చూసి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు కొడుతున్న కండక్టర్ శ్యామలమ్మ గొంతు వెనక నుంచి అదే జోరుగా వినిపిస్తోంది. తెలిసింది ఒక్కడికే. ఆ రోజు నుంచి తన కాలిని తానే కనిపెట్టుకొని ఉండటం అతడికి ఇంకొక ఉద్యోగమైంది.

ఇరవై ఏళ్లకు పైగా అతడు నిజామాబాద్–బోధన్ రోడ్డు మీద బస్సు నడుపుతున్నాడు. ఇంజన్ చప్పుడులో చిన్న తేడా వచ్చినా పట్టుకునే చెవి అతడిది. ఇప్పుడు ఆ చెవి లోపలికి తిరిగింది. క్యాబిన్ ఎక్కేటప్పుడు తొడల్లో బలం చాలక కడ్డీ పట్టుకొని ఒంటిని పైకి లాక్కోవడం, అన్నం తిని లేచేటప్పుడు అరచెయ్యి నేలకు ఆన్చడం, ఇవన్నీ ఎప్పుడు మొదలయ్యాయో గుర్తు రాలేదు. మెల్లగా వచ్చినదాన్ని మనిషి తన స్వభావమే అనుకుంటాడు కాబోలు.

ఉగాది తర్వాత డ్రైవర్లకు వైద్య పరీక్ష ఉంది. పాసైతే స్టీరింగ్ చేతిలో ఉంటుంది. తప్పితే ఏమవుతుందో చూడటానికి అతడు దూరం వెళ్లనక్కరలేదు. అతడితో పాటే ఉద్యోగంలో చేరిన ముక్తార్, షుగర్‌తో చూపు మందగించి పోయినసారి పరీక్ష తప్పాడు. ఇప్పుడు డిపో గేటు దగ్గర కుర్చీలో కూర్చొని వచ్చే పోయే బండ్ల నంబర్లు రాసుకుంటాడు. బాగానే ఉన్నానంటాడు. కానీ బస్సు గేటులోకి మలుపు తిరిగే ప్రతిసారీ ఒళ్లో ఉన్న అతడి రెండు చేతులూ కొద్దిగా కదలడం దేవిదాస్ చూశాడు. చూసిన తర్వాత గేటు దాటేటప్పుడు అటు చూడటం మానేశాడు.

డిపో వాళ్ల ఆసుపత్రికి వెళితే రాతలోకి ఎక్కుతుంది. అందుకని ఒక సెలవు రోజున, భార్య గంగామణికి కూడా చెప్పకుండా, నిజామాబాద్ ఖలీల్‌వాడిలోని డాక్టర్ నౌషీన్ దగ్గరికి వెళ్లాడు. ఆమె ఆ ఊరి పిల్లే. తండ్రికి పాత బజారులో గాజుల దుకాణం ఉంది. టేపుతో అతడి నడుం కొలిచింది. నేల మీద గొంతుకూర్చొని చేతులు ఆన్చకుండా లేవమంది. లేవలేకపోయాడు. నెత్తురు పరీక్షలు వచ్చాక కాగితం అతడి వైపు తిప్పింది.

"విటమిన్ డి ఏడు ఉంది దేవిదాస్ అన్నా. ముప్పై ఉండాలె. మూడు నెలల షుగర్ గీత దాటింది. నెత్తుర్ల కొవ్వు ఎక్కువుంది."

"డి అంటె ఎండ గద మేడం? నేను పొద్దందాక ఎండల్నే ఉంట. సూడుండ్రి." అతడు కుడిచెయ్యి చాపాడు. కిటికీ వైపు ఉండే ఆ చెయ్యి ఎడమచేతి కంటే రెండు వన్నెలు నలుపు.

"కిటికీ అద్దం ఏస్కుంటరా?"

"ఎయ్యకపోతె దుమ్ము. చెరుకు లారీలు, ఇసుక లారీలు..."

"అద్దంల నుంచి వేడి వస్తది. చర్మం నల్లబడుతది. ఎముకకు కావల్సింది మాత్రం అద్దం బయటనే ఆగిపోతది. ఇన్నేండ్లు మీరు ఎండను చూసిండ్రు, ఎండ మీకు తగల్లే."

విటమిన్ డి పొడి ప్యాకెట్ వారానికొకటి, ఆదివారం ఆదివారం పాలలో కలుపుకొని తాగమంది. ఎనిమిది వారాలు. షుగర్‌కు రాత్రిపూట ఒక గోలి. అన్నం సగం చేయాలి, పొద్దున నడవాలి. "తొందర లేదన్నా. ఎముక మెల్లగ నింపుకుంటది" అన్నది.

తొందర లేనిది ఆమెకు. పరీక్ష ఎనిమిది వారాల కంటే ముందే ఉంది.

డ్రైవర్లకు ఒక అలవాటుంటుంది. నిజామాబాద్‌లో బస్సు ఆలస్యంగా కదిలితే, జానకంపేట దాటిన తర్వాత తిన్నని రోడ్డు మీద ఆ ఆలస్యాన్ని పూడ్చేస్తారు. దాన్ని లేటు కవర్ చేయడం అంటారు. అది ఎక్కడా రాసిన నియమం కాదు. మంచి డ్రైవర్ అనే మాటకు డిపోలో ఉన్న అర్థం అది. బోధన్ స్టాండులోకి బస్సు సమయానికి వచ్చిందంటే దారిలో ఏం జరిగిందని ఎవరూ అడగరు. దేవిదాస్ ఆ మాటకు ఇరవై ఏళ్లుగా నిలబడినవాడు. తన శరీరం ఇప్పుడు లేటులో నడుస్తున్న బండి, అంతే. వారానికొకటి అన్నదాన్ని అతడు రోజుకొకటి చేశాడు. ఒకే దుకాణంలో అన్ని ప్యాకెట్లు అడిగితే ప్రశ్నలు వస్తాయని కొన్ని నిజామాబాద్‌లో, కొన్ని బోధన్‌లో కొన్నాడు. ఎముకకు మంచిదని ఎవరో అంటే కాల్షియం గోలీలు కూడా చేర్చాడు. బలానికి వేసుకునేది చెడెట్లా చేస్తుంది అనుకున్నాడు.

మొదట్లో కాళ్లు నిజంగానే తేలికయ్యాయి. కడ్డీ పట్టుకోకుండా క్యాబిన్ ఎక్కిన రోజున, చాలా కాలం తర్వాత, ముక్తార్ వైపు చూసి చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత దాహం మొదలైంది.

మామూలు దాహం కాదు. నీళ్లు గొంతు దిగుతుండగానే మళ్లీ నాలుక ఎండిపోయేది. స్టీరింగ్ పక్కన పెట్టుకున్న సీసా జానకంపేట చేరకముందే ఖాళీ అయ్యేది. తాగిన నీళ్లు ఒంట్లో నిలవలేదు. స్టేజీ లేని చోట బస్సు ఆపి పొదల చాటుకు పోవలసి వచ్చింది.

"ఏందన్నా మల్ల ఆపినవ్?" అన్నది శ్యామలమ్మ అతడు తిరిగి వచ్చేసరికి. "ఎనక స్టేజీ పోయింది, ముంగటి స్టేజీ రాలె. గీ తుమ్మ సెట్టుకేమన్న టికెట్ కొట్టాల్నా?"

బస్సంతా నవ్వింది. ముందు సీట్లో కూరగాయల గంప ఒళ్లో పెట్టుకున్న ముసలామె జాలిపడింది. "షుగరున్నట్టుంది బిడ్డకు. ఏం జేస్తం? బోధన్ల షక్కర్ ఫ్యాక్టరీ బందైంది గని షక్కర్‌ను ఇంటింటికి పంచిపోయింది."

మళ్లీ నవ్వులు. దేవిదాస్ కూడా నవ్వాడు. గేరు మార్చాడు. ఆ ముసలామె అన్న మాటనే కొద్ది రోజులుగా అతడు తనలో తాను అనుకుంటున్నాడు. షుగర్ పెరిగింది. దాహం, పదే పదే ఒంటికి పోవడం, నీరసం. ముక్తార్‌కు వచ్చినవన్నీ వరసగా వస్తున్నాయి. ఈ వరస చివర ఒక కుర్చీ ఉంది, గేటు ఉంది.

అతడు అన్నం సగం చేశాడు. తర్వాత పూర్తిగా మానేశాడు. జొన్నరొట్టె ఒకటి, అదీ సగం విడిచిపెట్టేవాడు. మానడం కష్టం కాలేదు, ఎందుకంటే ఆకలే చచ్చిపోయింది. తిండి ముందు కూర్చుంటే కడుపులో తిప్పేది. బెల్టుకు కొత్త రంధ్రం పడింది. డిపోలో కొందరు సన్నబడ్డావని మెచ్చుకున్నారు. మెచ్చుకున్న ప్రతి మాటా అతడిని భయపెట్టింది.

"రొట్టె ముట్టలే. కూర ముట్టలే. నా శేతి వంట శేదైందా?" అని అడిగింది గంగామణి.

"కడుపు బాలేదు."

"నెల రోజుల సంది బాలేదా? దవాఖాన్లకు పోదం పా."

"పరీక్ష అయిపోనీ."

"ఏం పరీక్షనో ఏమో. పదో తరగతి పోరనికి సుత గింత భయం లేదు."

ఆమె కంచం తీసుకుపోయిన తర్వాత అతడు లేచి, పాలలో ఆ రోజు ప్యాకెట్ కలుపుకొని తాగాడు.

వేలు పొడిచి షుగర్ చూసుకునే మిషన్ ఒకటి కొన్నాడు. పొద్దున, పరగడుపున, నెత్తురు చుక్కను పట్టీ మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. తెరిచి చూస్తే నూటపది. ఇంకొక వేలు పొడిచాడు. దాదాపు అంతే. సంతోషించవలసిన చోట అతడి గుండె జారిపోయింది. షుగర్ పెరిగిందన్న భయంలో ఒక ఆసరా ఉండేది. దానికి పేరుంది, గోలి ఉంది, అది ఉన్నవాళ్లు వీధి నిండా ఉన్నారు. ఇప్పుడు దాహం మిగిలింది, పేరు పోయింది.

మిషన్‌ను సంచిలో వేసుకొని ముక్తార్ దగ్గరికి పోయాడు.

"ఖరాబ్ మిషన్ అంటగట్టిండ్రు. నువ్వొకపారి సూడు."

ముక్తార్ వేలు పొడుచుకున్నాడు. అంకెను దూరంగా, దగ్గరగా పెట్టి చూడలేక దేవిదాస్‌తోనే చదివించాడు. రెండువందల డెబ్బై.

"మిషన్ మంచిగనే ఉంది భాయ్. నన్ను తిడుతుంది, నిన్ను మెచ్చుకుంటుంది. దానికి నువ్వంటె మొహబ్బత్ అనుకుంటున్నవా?"

"మరి గీ దూప ఏంది? గీ వాంతికొచ్చుడేంది?"

"నేను గేటు కాడ కూసునేటోన్ని. డాక్టర్ ఎవరన్న ఉంటె వాళ్లను అడుగు."

"పరీక్ష నెత్తి మీదికొచ్చింది. ఇప్పుడు పోయి కొత్త రోగం బయటికి తీసుకోవాల్నా?"

ఒక బస్సు లోపలికి వచ్చింది. ముక్తార్ దాని నంబరు కోసం కళ్లు చికిలించి, ఆనక అన్నాడు: "నేను సుత గట్లనే అనుకున్న. కండ్ల ముంగట మబ్బు వస్తుంటె, పరీక్ష కానీ, తర్వాత సూపిచ్చుకుందం అనుకున్న. ఆఖరుకు పరీక్షల బోర్డే కనవడలె."

దేవిదాస్ విన్నాడు. వినడం వేరు, మాట లోపలికి పోవడం వేరు. ఇంటికి నడుస్తుండగా తనకు కావలసింది ఆరోగ్యమా, ఆరోగ్యంగా ఉన్నావని ఒకరు చెప్పడమా అన్న ప్రశ్న ఒకటి తలెత్తింది. దానికి జవాబు తెలుసు కాబట్టే అతడు నడక వేగం పెంచాడు.

పరీక్షకు రెండు వారాల ముందు, మధ్యాహ్నపు ట్రిప్పులో అది జరిగింది. ఎండ రోడ్డు మీద తెల్లగా పరుచుకొని ఉంది. రెండు వైపులా యాసంగి వరి. చెరుకు వేసిన ట్రాక్టర్ ఒకటి ముందు పోతుంటే దాన్ని దాటడం అతడికి గుర్తుంది. చెరువు మీది నుంచి గాలి రావడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది అరుపులు.

"ఓ డ్రైవరన్నా! ఎడపల్లి ఎడపల్లి! ఆపుమంటె ఏడికి వోతున్నవ్?"

"శెవులల్ల దూది పెట్టుకున్నడా ఏంది!"

శ్యామలమ్మ విజిల్ ఆగకుండా మోగుతోంది. అతడు అద్దంలో చూశాడు. ఎడపల్లి వెనకబడి పోయింది. ఊరు మొత్తం. స్పీడ్‌బ్రేకర్, బడి ముందు మలుపు, కూరగాయల బండ్లు, అన్నింటి మధ్య నుంచి బస్సును అతడే నడిపించాడు. కానీ అతడు అక్కడ లేడు. బస్సు కుదుపు ఒంటికి గుర్తులేదు, మలుపు చేతులకు గుర్తులేదు. ఆ కొంత దూరం ఇంతమంది ప్రాణాలు ఎవరి చేతిలో ఉన్నాయి?

బస్సును పక్కకు తీసి ఆపాడు. ఇంజన్ ఆపేశాడు. తాళం చెవి తీసి పట్టుకున్నాడు గానీ దాన్ని ఏం చేయాలో తోచలేదు.

శ్యామలమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. తిట్టడానికి తెరిచిన నోరు అతడి ముఖం చూసి మూసింది. "ఏమైందే అన్నా?"

"నేను నడప. నాతోని గాదు శ్యామలమ్మా. ఇంకో బండి పిలువు."

జనం గొణుక్కుంటూ ఎండలోకి దిగారు. "పెండ్లికి పోవాలె సారూ, ముహూర్తం నీకోసం ఆగుతదా?" అని ఒకతను కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు. శ్యామలమ్మ అతడిని కసిరి, డిపోకు ఫోన్ చేసి, వడదెబ్బ తగిలిందని చెప్పింది. తర్వాత దేవిదాస్ వైపు వంగి చిన్నగా అన్నది: "వడదెబ్బ అని చెప్పిన. ఎవలన్న అడిగితె నువ్వు సుత గదే చెప్పు. పరీక్ష ఉంది గద."

ఆమె చూపిన దయకు అతడు తలూపాడు.

ఆ సాయంత్రమే, ఏ డాక్టర్‌కు చూపించుకున్నాడో చెప్పించుకొని, గంగామణి అతడిని ఖలీల్‌వాడికి తీసుకుపోయింది. నౌషీన్ నెత్తురు మళ్లీ తీయించింది. కాగితాలు వచ్చాక వాటిని చూస్తూనే చెప్పింది.

"కాల్షియం చాల ఎక్కువుంది. కిడ్నీల మీద భారం పడింది. డి అయితే మిషన్ చూపించే అంకెలు కూడ దాటిపోయింది." తలెత్తింది. "ప్యాకెట్లు ఎట్ల తాగిండ్రన్నా?"

అతడు గంగామణి వైపు చూశాడు. "రోజుకొకటి."

"వారానికొకటని చెప్పిన గద?"

"చెప్పిండ్రు. లేటు కవర్ చేద్దమనుకున్న మేడం."

ఆమెకు అర్థం కాలేదు. అతడు వివరించాడు. వివరిస్తుంటే తన మాటలు తనకే ఎవరో పరాయివాడి తెలివితక్కువతనంలా వినిపించాయి. ఆమె కోప్పడలేదు. దాహం, వాంతులు, ఆకలి చావడం, తల మొద్దుబారడం, అంతా ఆ పొడి మోతాదు మించడం వల్లనేనని చెప్పింది. ఆ మందు మూత్రంలో తొందరగా కొట్టుకుపోయేది కాదని, ఒంటి కొవ్వులో దాగి ఉంటుందని చెప్పింది.

"బయటికి తీసే మందు లేదా?"

"సెలైన్ పెడత. కాల్షియం దిగుతది. కని లోపల దాసుకున్నది నెలల తరబడి మెల్లమెల్లగ బయటికి వస్తనే ఉంటది. మల్ల పెరగొచ్చు. మల్ల తల తిరగొచ్చు. నేను చెప్పేదాంక బండి ముట్టుకోవద్దు."

ఆసుపత్రి మంచం మీద పడుకున్నప్పుడు చుక్క వెంట చుక్క పడుతున్న సెలైన్‌ను చూడటం తప్ప చేయగలిగిందేమీ లేదు. గంగామణి పక్కన కూర్చొని బత్తాయి ఒలుస్తోంది. అతడికి పెట్టడానికి కాదు, చేతులకు పని కావాలి కాబట్టి.

"నాకొక్క మాట చెప్పలె" అన్నది చివరికి.

"భయపడుతవని."

"ఇప్పుడు పడుతలేనా? అప్పుడే చెప్తె ఇద్దరం శెరి సగం భయపడుతుంటిమి. ఒక్కనివే మొత్తం తాగినవ్."

వారం తర్వాత ఇంటికి వచ్చాడు. దాహం తగ్గింది. తల తేటపడింది. కాళ్లు మాత్రం నిజంగానే గట్టిపడ్డాయి. వింతగా ఉంది ఆ బలం. అప్పు తెచ్చుకున్న చొక్కాలా ఒంటికి సరిపోయింది గానీ తనదనిపించలేదు.

పరీక్ష రోజున డిపో ఆసుపత్రి వరండాలో బెంచీల నిండా డ్రైవర్లున్నారు. లోపల బోర్డు మీది చివరి వరస దాకా చదివాడు. రంగులు గుర్తుపట్టాడు. రక్తపోటు బాగుంది, షుగర్ బాగుంది. గొంతుకూర్చొని లేవమంటే చేతులు ఆన్చకుండా లేచాడు. తెల్ల కోటు వేసుకున్న పెద్దాయన, డాక్టర్ రామ్‌దాస్, తలెత్తకుండానే రాసుకుంటున్నాడు.

"మొన్న వడదెబ్బ తగిలిందన్నరు. ఇప్పుడు మంచిదేనా? ఇంకేమన్న తక్లీఫ్ ఉందా?"

ఆ ప్రశ్న అందరినీ అడిగేదే. దానికి అందరూ చెప్పే జవాబూ ఒకటే. కాల్షియం ఇక్కడ చూడరు. నౌషీన్ కాగితాలు ఇంట్లో ఉన్నాయి. లేదు సార్ అంటే చాలు, రేపటి నుంచి స్టీరింగ్ తనది. భయపడి, దాచి, తాగి, ఎండి ఇంత దూరం వచ్చింది ఈ రెండు మాటల కోసమే. అవి నోట్లో సిద్ధంగా ఉన్నాయి.

కానీ ఎడపల్లి ఉంది. ఆ ఊరిని తాను దాటిన సంగతి అందరికీ తెలుసు, తనకు తప్ప. అక్కడ తనకు తెలియకుండా ఏమీ జరగకపోవడం తన గొప్ప కాదు. బడి ముందు ఆ వేళకు రోడ్డు దాటని పిల్లల గొప్ప అయి ఉండవచ్చు. మళ్లీ అలాంటి ఖాళీ వస్తే, అది ఏ ఊరి మీద వస్తుందో ముందుగా చెప్పేవాడు లేడు.

"ఉంది సార్" అన్నాడు.

పెన్ను ఆగింది.

"వడదెబ్బ గాదు. మందు ఎక్కువ తాగిన. బండి నడుపుతుండంగనే తెలివి తప్పింది. మల్ల గావచ్చని మా డాక్టరమ్మ చెప్పింది."

రామ్‌దాస్ మొదటిసారి అతడి ముఖంలోకి చూశాడు. కుర్చీ చూపించాడు. మొత్తం చెప్పించుకున్నాడు. విన్న తర్వాత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు చెప్పకపోతె నాకు తెలిసే దారి లేకుండె. చెప్పినవ్ గనక ఇగ రాయక తప్పదు. ఎరికేనా?"

"ఎరికె సార్."

"ఇప్పటికైతె అన్‌ఫిట్. డాక్టరమ్మ సరే అన్నంక మల్ల రా, సూస్త. కని బండి మల్ల ఇస్తరా, ఇయ్యరా అన్నది నా చేతుల లేదు. నేను మాట ఇయ్యలేను."

"మంచిది సార్."

మంచిదని ఎందుకన్నాడో అతడికే తెలియలేదు. నిజం చెబితే భయం పోతుందని ఎక్కడో విన్నాడు. పోలేదు. గంగామణికి ఏం చెప్పాలో, రేపు పొద్దున ఏ పనికి పిలుస్తారో, కిడ్నీలు ఎంత చెడ్డాయో, అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం లేదు. ఎవరికి తెలుస్తుందో అని వెనక్కి తిరిగి చూసుకునే పని లేదు.

వరండాలోకి రాగానే కొత్తగా చేరిన డ్రైవర్ నితీష్ ఎదురు లేచాడు. "ఏమైందన్నా, పాసేనా?"

"కాలె."

ఎవరూ కారణం అడగలేదు. తమ వంతు ఇంకా రానివాళ్లు తప్పినవాడి ముఖంలోకి చూడరు. బెంచీ చివరనున్నతను జరిగి చోటిచ్చాడు. దేవిదాస్ కూర్చున్నాడు. లోపలి నుంచి తర్వాతి పేరు పిలిచారు. నితీష్ చొక్కా సర్దుకొని, రెండు అడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చాడు.

"అన్నా," గొంతు తగ్గించాడు, "నాకు పొద్దుగాల లేవంగనే ఒక దిక్కు చెయ్యి తిమ్మిరెక్కుతది. చెప్పాల్నా?"

దేవిదాస్ అతడి చేతి వైపు చూశాడు. చెప్పమంటే ఆ పిల్లవాడు ఏం పోగొట్టుకుంటాడో తెలుసు. వద్దంటే ఏమవుతుందో తెలియదు.

"ఎన్ని దినాల సంది?" అని అడిగాడు, పక్కన చోటు చూపిస్తూ.